నీలం చుక్కలు

“ఫోన్లో చెప్పిన మాట వెనక్కి తీసుకో అక్కా! లేకపోతే ఈ మిషన్ కూడా పగిలిపోతుంది.”

“తలుపు పగలగొట్టావుగా, చాలదూ? ఆ రాడ్డు కింద పెట్టు. ఆ పళ్లెంలో ఉన్నది నీ చిన్నకూతురి రక్తంరా!”

ల్యాబు నేలంతా అద్దం ముక్కలు. అక్కాతమ్ముళ్లు తప్ప లోపల ఎవరూ లేరు.

“పెద్దది రోజూ సూదులు పొడిపించుకుంటోంది. ఇప్పుడు చిన్నదానికీ అంటావా? నోరు మూస్తావా, లేదా—”

“కొట్టు. నిన్ను ఎత్తుకు తిరిగిన చేతులే ఇవి. విరగ్గొట్టు.”

“అక్కా, నన్ను రెచ్చగొట్టకు.”

“ఇలా రా. నా కోటు వదలక్కర్లేదు, అలా పట్టుకునే చూడు. ఈ పళ్లెంలో చిన్న గుంటల్లో నీలం చుక్కలు కనిపిస్తున్నాయా?”

“ఆ. అయితే?”

“ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలుంటాయి. వాటి ముక్కల్ని పాప రక్తంలో కలిపి చూశాం. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే వాటిమీద పళ్లు నూరుతూ లేచాయి. లేచిన ప్రతిదానికీ ఒక చుక్క.”

“కంచే చేను మేసిందంటావు.”

“పెద్దదాని ఒంట్లో మేసేసింది. చిన్నదానికి ఇంకా షుగర్ రాలేదురా. ఇప్పట్నుంచీ కనిపెట్టుకుని ఉంటే ప్రాణం మీదికి రాకుండా చూసుకోవచ్చు. అందుకే ఫోన్ చేశాను, నిన్ను ఏడిపించడానికి కాదు.”

“ఎందుకు లేచాయవి? వాళ్లమ్మ తీపి మేపబట్టేగా?”

“కాదు.”

“చాటుగా పెట్టేది. నా కళ్లతో చూశాను.”

“కాదంటుంటే! తీపి పెట్టినా పెట్టకపోయినా ఒకటే. ఎందుకొస్తుందో పెద్ద పెద్ద డాక్టర్లకే పూర్తిగా తెలీదు. ఇందులో తల్లి తప్పేం లేదు.”

“దాన్ని వెనకేసుకొస్తున్నావు.”

“నేను వెనకేసుకొస్తే చుక్కలు పుడతాయట్రా? ఇదిగో, నువ్వే చూడు. ఇంకోసారి చూడు.”

రాడ్డు అతని చేతిలోంచి జారి నేలమీద పడింది.

“ఏమైందిరా?”

“నేనేం చెయ్యలేదు, నేనేం చెయ్యలేదు అని అంటూనే ఉంది. నీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ...”

“ఎవరు? మరదలా? పిల్లలేరి?”

“పక్కింట్లో.”

“మరి అదేది?”

“అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యక్కా. నేను బయట తాళం వేసొచ్చేటప్పటికి ఇంకా మూలుగుతూనే ఉంది.”