సాంసన్ ఎంచిన ఇంజన్ బ్లాకు

సాంసన్ ఇల్లాలు రెబెకమ్మా, బిడ్డ నవ్యా, కొత్తకోట మెకానిక్ అన్నదమ్ములారా, హైవే పక్కన బండ్లు ఆపుకొని వచ్చిన డ్రైవర్ సోదరులారా!

మన సాంసన్ గుండె ఆగి వెళ్ళిపోయాడు. ఇంతమంది కళ్ళల్లో నీళ్ళు చూస్తుంటే నాకూ ఏడుపొస్తోంది. అబద్ధమెందుకు, అసూయ కూడా కలుగుతోంది. ఇంతమందిని ఎప్పుడు సంపాదించుకున్నాడు?

నేను మహేశ్వర్‌ని. గద్వాలలో మగ్గం వదిలి ఇక్కడికొచ్చి పానా పట్టినవాణ్ణి. సాంసన్ బల్మూర్ నుంచి ముంబైకి కూలికి పోయి, అక్కడి గ్యారేజీలో పని నేర్చుకొని వచ్చి, నా షెడ్డుకు ఎదురుగా షెడ్డు వేశాడు. సరిగ్గా ఎదురుగానే! ఇంత పొడవు రోడ్డులో ఇంకెక్కడా చోటే దొరకలేదా?

శైలజ గారు ఇక్కడే ఉన్నారు. తండ్రిగారి పాత అంబాసిడర్‌ను పాతకార్ల రేసులో నడపాలని ఆమె ముందు వచ్చింది నా దగ్గరికే. దానికి బలమైన ఇంజన్ కట్టాలి. అంటే ముందు బ్లాకు ఎంచాలి. సిలిండర్లన్నీ ఇమిడి ఉండే లోహపు దిమ్మె అది. అది తప్పితే పైన ఏం బిగించినా దండగే. నేను కొత్త కారుది, తేలికైన అల్యూమినియం బ్లాకు చూపించాను. అది పట్టాలంటే బానెట్ కింద కోయాలి. ఆమె సందేహపడి రోడ్డు దాటారు. సాంసన్ మాట నాకు ఇవతలికి వినబడింది: “నాయిన కారును కోస్తే, గది నాయిన కారెట్లయితదమ్మా? పాత ఇనుప బ్లాకే ఎతుకుత.”

నా కడుపు మండిపోయింది.

అయిజలో అతనికొక బ్లాకు దొరికింది. మురిసిపోయి తెచ్చుకున్నాడు. కిరోసిన్ పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాడు. పొడి మీద వెంట్రుకంత తడి గీత తేలింది. పగులు! అతను చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? తానే చెప్పాడు: “గిది వద్దమ్మా. రేసుల పగిలితే మీ పానం మీదికొస్తది.” నేను లోలోపల సంబరపడ్డాను.

ఎంతసేపు ఆ సంబరం? టీ తాగుదామని నా షెడ్డుకొచ్చాడు. నేను కూర్చున్నదాని వైపు చూసి, “మహేశన్నా, జర లెవ్వు” అన్నాడు. నేను పీటలా వాడుకుంటున్నది అంబాసిడర్ బ్లాకు! సిలిండర్లను ఒక్కసారీ తొలిచి బోరు చేయనిది. గోడలు మందంగా ఉన్నాయి. సిలిండర్లు పెద్దవి చేసి బలం పెంచొచ్చు. సుద్ద చల్లితే ఒక్క గీత తేలలేదు. ఏళ్ళ తరబడి దాని మీద కూర్చున్నది నేను. దాన్ని చూసినవాడు సాంసన్. ఇది ఓర్చుకోవడం ఎవరి తరం? ఇవ్వనని చెప్పబోయి, “తీస్కపో” అన్నాను.

బెంగళూరు దగ్గర జరిగిన రేసులో కారు గెలిచింది. అందరూ సాంసన్ను భుజాల మీదికెత్తుకున్నారు. అతనేం చేశాడు? కిందికి దిగి, వెనక నిలబడ్డ నన్ను చెయ్యి పట్టి ముందుకు లాగి, “బ్లాకు మా మహేశన్నది” అన్నాడు. గెలుపు పంచిపెట్టడంలోనూ నన్ను మించిపోయాడు.

సాంసన్ పోయాక, మొన్న శైలజ గారు ఆ కారును నా షెడ్డులో నిలిపారు, ఇకమీదట నువ్వే చూసుకోవాలని. బానెట్ ఎత్తి, లైటు పట్టి వెతికాను. సాంసన్ చేతి తప్పు ఒక్కటైనా దొరకాలని! ఒక్క బోల్టు వదులు లేదు. ఒక్క చుక్క ఆయిలు కారలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను. ఇక ఎవరిని చూసి కుళ్ళుకోవాలి నేను? ఎవరికంటే ముందు షట్టర్ ఎత్తాలని పొద్దున్నే లేవాలి?

రేపు నేను పోతే నా పనితనం గురించి నాలుగు మాటలు నిజంగా చెప్పగలిగినవాడు అతనొక్కడే. ఆ మాటలు నాకు మిగల్చలేదు. తన గురించి నాతో చెప్పించుకొని వెళ్ళిపోయాడు. ఇందులోనూ సాంసనే గెలిచాడు.

ఆ లారీ ఇంజన్ ఆపు తమ్మీ. అందరం లేచి నిలబడదాం. సాంసన్ కోసం కాసేపు మాట లేకుండా ఉందాం.