కోడలి నడవడి

ప్రత్యేక తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెతో కోరుట్లలో ఆఫీసులన్నీ మూతపడ్డాయి. పోలీసులకు మాత్రం సమ్మె లేదు, పాపం. శ్రీలంక నుంచి వచ్చిన కుసుమకు భారత పౌరసత్వం ఇవ్వొచ్చా లేదా అని విచారించడానికి హెడ్ కానిస్టేబుల్ విఠల్ వచ్చి, ఆమె అత్త గంగవ్వ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. కుసుమ చంకలో కొడుకుతో, కాలికి చుట్టుకున్న కూతురితో గుమ్మంలో నిలబడింది.

“గట్ల కాదవ్వా. నీ కోడలి నడవడి మంచిగనా, చెడ్డగనా? గంతే చెప్పు.”

“గదే చెప్తున్న సారూ. మొన్న రాస్తారోకోల వాడకట్టోళ్ళందరు ఎండకు పక్కకు జరిగిండ్రు. నా కోడలు జరుగలే. చంటి పోరన్ని ఒళ్ళె ఏసుకొని నడిరోడ్డు మీద కూసున్నది. పోలీసు జీపు అచ్చినా—”

“అవ్వా, అవ్వా. గది నాకు చెప్పకు.”

“ఎందుకు చెప్పద్దు? మెట్‌పల్లి రోడ్డంత ఆగిపోయింది.”

“నేను విననే లేదు. సరేనా? ఇగ, నీ కొడుకుకు ఈమె ఏడ కలిసింది?”

“కువైట్ల. మా జైపాల్ ఒక ఇంట్ల డ్రైవరు, ఈమె గా ఇంట్లనే పిల్లలను సాకేది. చేసుకుంటనంటే నేను శాన దినాలు వానితోని మాట్లాడలే. ఇప్పుడు వాడు మళ్ళ కువైట్ పాయె, నాకు ఈమెనే దిక్కాయె.”

“పిల్లలు?”

“ఇద్దరు జగిత్యాల దవాఖానల పుట్టిండ్రు. వాళ్ళు మనోళ్ళేనట, తల్లి ఒక్కతే పరాయిదట. ఇదేం లెక్క సారూ? పాలు తాగే పోరడు ఈ దేశపోడు, పాలిచ్చేది కాదా?”

“లెక్క నేను పెట్టలేదవ్వా. ఏమ్మా, తెలుగు అస్తదా?”

“అస్తది సార్. చాయ్ పెట్టాల్నా?”

“అద్దమ్మా. మంచిగనే అస్తుంది. ఇగ ఆఖరి మాట. ఆందోళనలు, కేసులు ఏం లేవని రాస్త.”

“లేవని ఎందుకు రాస్తవ్? సిరిసిల్ల సభకు పిల్లలనేసుకొని పోయింది. వంటావార్పుల రోడ్డు మీద పొయ్యి పెట్టింది. నేనే తోలుకపోయిన. మనోళ్ళల్ల కలువాల్నంటే మనోళ్ళ పక్కన కూసోవాలె గద.”

“అత్తా, ఊకో.”

“నువ్వూకో. సారూ, నువ్వు తెలంగాణోనివి కాదా?”

“నాది కథలాపూర్. నాకూ కావాలె తెలంగాణ. గని ఇను అవ్వా. గా రాస్తారోకో మీద కేసయింది. చంటి పిల్లగానితోని ఒక ఆడామె జీపుకు అడ్డం కూసున్నదని రాసున్నది. పేరు దొరకలే. దేవులాడుతున్నరు.”

“దొరికితే ఏమైతది?”

“నీలాంటోళ్ళకైతే కోర్టు, జరిమానా. ఈమెకైతే పౌరసత్వం ఇయ్యరు. వీసా పెంచరు. మీ దేశం ఎళ్ళిపొమ్మంటరు.”

“పిల్లలు?”

“వాళ్ళు ఈ దేశపోళ్ళు గదా. వాళ్ళను ఎవ్వరు పొమ్మనరు.”

“సార్, నన్ను పంపకుండ్రి. చిన్నోడు ఇంక పాలు ఇడువలే. నేను తెలంగాణ అద్దన్ననని రాసుకోండ్రి.”

“ఏందే కుసుమా? అద్దంటవా?”

“నాకు నా పిల్లలు కావాలె అత్తా.”

“చూడవ్వా, నీ కోడలు ఏడుస్తుంది. నేను రాసుకొని పోత, నువ్వు ఇంకేం చెప్పకు.”

“చెప్త. రాసుకో సారూ. ఆ దినం జీపుకు అడ్డం కూసున్నది నేను.”

“నువ్వా? సూసినోళ్ళు పడుసు మనిషి అన్నరు.”

“ఎండకు వాళ్ళకు గట్ల కండ్లవడ్డది. మనుమన్ని నేనే ఎత్తుకున్న. నా కోడలు గడప దాటదు, ఒట్టి పిరికిది. గంగవ్వ అని నా పేరు పెద్దగ రాయి. నన్ను ఏ దేశానికి ఎళ్ళగొడతరో నేనూ సూస్త.”