రెండో మనిషి

ఆస్పత్రుల మిషన్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసు. మధ్యాహ్నం. ఒకే కంప్యూటరు ముందు ఇద్దరు తోడికోడళ్ళు.

"నేనేమన్నానని? ఫొటోలో బాగా పడ్డావన్నాను. అంతేగా."

"ఆ అనడంలోనే ఉందక్కా."

"ఏముంది?"

"ఏమో. పుల్ల విరిచినట్టుంది."

"పుల్లా లేదు, మొద్దూ లేదు. నీ పక్కన నేనూ నిలబడ్డాను కదా, పేపర్లో నా మోచెయ్యి పడింది. పొద్దున్నే మీ బావగారు వేలు పెట్టి మరీ చూపించారు, 'ఇదిగో, ఇది నీదే' అని."

"అయ్యో! నవ్వించకక్కా. కత్తిరించింది పేపరు వాళ్ళు, నేను కాదు."

"నవ్వమనే చెప్తున్నా. అత్తయ్యగారైతే ఇంటికొచ్చిన పేపరు చాలక ఇంకా తెప్పించారు. కంప్యూటరంటే టీవీకి తమ్ముడనుకునే మనిషి, పొద్దున్నుంచీ చుట్టాలందరికీ ఒకటే ఫోన్లు. 'మా చిన్న కోడలు కన్నం కనిపెట్టింది' అని. అవతల ఎవరో 'ఏ గోడకమ్మా' అని అడిగారట."

"నువ్వు మాత్రం నవ్వట్లేదు."

"నవ్వుతూనే ఉన్నాను. నీకు కనపడట్లేదు."

"సరే, ముందు నేను దిద్దిన ఈ కోడు చూడు. మేనేజరు అక్కడే తచ్చాడుతున్నారు. రెండో మనిషి సరే అంటే గానీ ఆస్పత్రులకి పంపడానికి లేదాయె."

"ఆ రూలు పెట్టించింది ఎవరో తెలుసా?"

"నువ్వే. నేను చేరిన రోజునే చెప్పావు."

"నిన్ను చేర్పించింది?"

"అదీ నువ్వే. నాకు తెలుసు, మీ మరిదికి తెలుసు, కింద వాచ్‌మన్‌కి కూడా తెలుసు. ఇంకెవరికి చెప్పాలో చెప్పు, చెప్పొస్తాను."

"ఏకు మేకవడమంటే ఏమిటో ఇన్నాళ్ళకి తెలిసింది."

"నేనేం మేకునయ్యానక్కా? పాత కోడులో కన్నం కనపడింది, చెప్పాను. చెప్పకుండా కూర్చోమంటావా?"

"కూర్చోమన్నానా? నాకొచ్చి చెప్తే సరిపోయేదిగా. ఒకే ఇంట్లో ఉంటాం. ఒకే కారులో వస్తాం. దారి పొడుగునా నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు కూర్చుని, ఇక్కడ దిగగానే మేనేజరు గదిలోకి."

"నీకు చెప్తే బాధపడతావని."

"ఇప్పుడు పొంగిపోతున్నాను మరి."

"అక్కా, దండం పెడతాను, చూడు. దొంగలు ఇప్పటికే రెండు ఆస్పత్రుల్లో మిషన్లు పట్టుకుని డబ్బడుగుతున్నారు. ఆలస్యమైతే ఇంకెన్ని చోట్లో."

"చూస్తున్నాగా. కానీ ఒక్కటి చెప్పు. పేపర్లో 'ఎవరో అజాగ్రత్తగా రాసిన పాత కోడు' అని వేశారు. ఆ ఎవరో ఎవరు?"

"అజాగ్రత్త అన్న మాట నేననలేదు."

"నా పేరూ అనలేదు."

"అంటే నీకే కదా నష్టం!"

"ఓహో. దయ చూపించావన్నమాట."

"నీతో ఎలా మాట్లాడాలో నాకు తెలియట్లేదు. పేరు చెప్తే ఎందుకు చెప్పావంటావు, చెప్పకపోతే ఎందుకు చెప్పలేదంటావు."

"సాయంత్రం టీవీ వాళ్ళకి చెప్తావుగా, బాగా. ఏం చెప్పబోతున్నావు? నా ముందొకసారి అను, వింటాను."

"వెక్కిరిస్తావు."

"వెక్కిరించను. అను."

"మంచం పక్కన మందు ఎక్కించే మిషను ఉంటుంది. దానికి నెట్ ఉన్నంతసేపూ పాస్‌వర్డ్ అడుగుతుంది. నెట్ పోతే మాత్రం అడగదు, ఎవరు చెప్పినా వింటుంది. దొంగలు ముందు ఆస్పత్రి నెట్ పడగొడతారు. తర్వాత బయట కారులో కూర్చునే వైర్‌లెస్‌తో మిషన్ని చేతిలోకి తీసుకుంటారు. బాగుందా?"

"బాగుంది. 'ఎవరు చెప్పినా వింటుంది.' అంత పిచ్చిగా ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడుగుతారు."

"ఎందుకు రాశావక్కా? నిజంగానే అడుగుతున్నా."

"ఇప్పుడడుగుతున్నావా? ఫొటో దిగాక?"

"చెప్పు."

"ఎందుకో ఒకందుకు. ఏదీ, నువ్వు దిద్దింది చూపించు."

"ఇదిగో. నెట్ పోయిందా, ఇక తాళమే. నెట్ వచ్చేదాకా ఎవరి మాటా వినదు."

"ఏ బటన్ నొక్కినా?"

"ఏ బటన్ నొక్కినా."

"ఆగాగు."

"ఏంటక్కా?"

"ఏం లేదు. పైకి జరుపు. ఇంకొంచెం. ఆ, అక్కడ."

"తప్పుందా?"

"తప్పని నేనన్నానా? పరీక్షలన్నీ చేసుకున్నావా?"

"దొంగలు రాగల దారులన్నీ చూశాను. ఒక్కటీ తెరుచుకోలేదు."

"దొంగలు రాగల దారులు."

"అవును. ఇంకేం చూడాలి?"

"నన్నడుగుతావేం? పేపర్లో పడ్డదానివి నువ్వు."

"మళ్ళీ మొదలా! సరే అంటావా, అనవా?"

"నువ్వు చూసుకున్నానంటున్నావుగా."

"చూసుకున్నాను."

"అయితే సరే."

"నోటితో కాదక్కా. అక్కడ నొక్కాలి."

"నొక్కాను. చాలా?"

"హమ్మయ్య. బతికించావు. పంపేస్తున్నా. ముందు ఒక్క ఆస్పత్రికి, అక్కడ బాగుంటే అన్నిటికీ. అక్కా, ఒకటి చెప్పనా? ఇది వేరేవాళ్ళకి చూపించెయ్యమన్నారు మేనేజరు. నీకు మనసు బాగుండదని ఆయన భయం. నేనే పట్టుబట్టాను, మా అక్కే చూడాలని."

"ఎందుకట?"

"ఆ కోడు గుట్టు నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? నువ్వు సరే అన్నావంటే నేను కళ్ళు మూసుకుని పంపుతాను."

"కాఫీ తాగొద్దామా?"

"ఇప్పుడా? అందగానే ఫోన్ చేస్తామన్నారు ఆస్పత్రి వాళ్ళు."

"వెళ్దాం పద."

"ఉండు, ఫోను. ఆస్పత్రి నుంచే. స్పీకర్లో పెడతా. హలో?"

"మేడమ్, నర్సుని మాట్లాడుతున్నా. మీరు పంపిన అప్‌డేట్ వచ్చేసింది. ముందు ఏ మిషన్లో ఎక్కించమంటారు? నేనైతే పిల్లల వార్డులో ఉన్నా. ఇక్కడ అన్నీ నడుస్తున్నాయి."

"అక్కడే ఎక్కించండమ్మా, నడుస్తున్నవైతే ఇంకా…"

"వద్దు!"

"అక్కా?"

"దేనికీ ఎక్కించకమ్మా. ఫోనిటివ్వు చిన్నీ. అమ్మా, ఇంకా ఎక్కించలేదు కదా?"

"లేదు మేడమ్. నొక్కబోతున్నా. ఇంతకీ మీరెవరు?"

"పాత కోడు రాసినదాన్ని. ఒక్క మాట చెప్పు. పిల్లాడికి మందు ఎక్కువ పోతోందని చూశావనుకో, ఏం చేస్తావు?"

"స్టాప్ నొక్కుతాను."

"అప్పుడే నెట్ పోయి ఉంటే?"

"పోతే పోయింది. స్టాప్‌కి నెట్‌తో పనేముంది?"

"మేం పంపినదాంట్లో పనుంది. నెట్ వచ్చేదాకా స్టాప్ కూడా పనిచెయ్యదు."

"అమ్మో! మందు పోతూనే ఉంటుందా?"

"పోతూనే ఉంటుంది. అందుకే ముట్టుకోవద్దంటున్నా. వెనక్కి తీసేసుకుంటున్నాం. సరిచేసి పంపుతాం. అందాకా ఆస్పత్రి బయట కొత్త కార్లేవీ ఆగకుండా చూసుకోండి."

"అలాగే మేడమ్. చెయ్యి తీసేశాను."

"ఉంటానమ్మా. చిన్నీ, అలా గుడ్లప్పగించి చూడకు. వెనక్కి తీసుకో."

"తీసుకుంటున్నా. స్టాప్‌కి కూడా తాళం వేశానా నేను?"

"వేశావు."

"అందుకేనా నువ్వప్పుడు తెరిచిపెట్టింది?"

"నెట్ పోయిందని నర్సు చేతులు నలుపుకుంటూ నిలబడకూడదనుకున్నా. ఆ ఒక్క బటన్ తెరవబోయి ఇంటి తలుపులన్నీ బార్లా తెరిచాను. నీ మాట నిజమే, కన్నం నాదే. వెనక్కి వచ్చిందా?"

"వచ్చేసింది. మొత్తం వెనక్కి వచ్చేసింది. ఏ మిషన్లోనూ ఎక్కలేదు."

"ఇప్పుడు స్టాప్ ఒక్కటి వదిలిపెట్టి మిగతావాటికి తాళం వెయ్యి. ఎక్కువ పని లేదు. నేను పక్కనే ఉంటాను."

"పిల్లల వార్డక్కా. నేను ఎక్కించండి అన్నాను. నా నోటితోనే అన్నాను."

"అన్నది వదిలెయ్. రాయి."

"వదలను. సాయంత్రం ఆ టీవీ ముందు నేను కూర్చోను. నువ్వే కూర్చోవాలి. నేను కన్నం పూడ్చబోయి గొయ్యి తవ్వాను, మా అక్క చెయ్యి పట్టుకుని ఆపింది అని చెప్తాను. పేపరు వాళ్ళకీ చెప్తాను. ఈసారి నీ మోచెయ్యి కాదు, మొహం పడాలి."

"అక్కర్లేదు."

"అక్కరుంది! ముందు అత్తయ్యగారికి ఫోన్ చేస్తానుండు. మీ పెద్ద కోడలు ఇవ్వాళ ఏం చేసిందో విని అప్పుడు చుట్టాలకి చెప్పుకోండి అంటాను."

"చెయ్యకు చిన్నీ."

"సిగ్గా? నువ్వు సిగ్గుపడటం కూడా చూశాను, చాలు ఈ జన్మకి. అయినా ఎలా తట్టిందక్కా నీకు? నేను రాత్రీ పగలూ దాంట్లోనే తల పెట్టుకుని కూర్చున్నా కనపడలేదు. నువ్వు ఆ నర్సు నోట 'పిల్లల వార్డు' అన్న మాట వింటూనే పట్టేశావు."

"ఫోను కింద పెట్టు."

"రింగవుతోంది. చెప్పు, ఎలా తట్టింది?"

"పెట్టమంటున్నా కదే. నర్సు అన్నాక తట్టింది కాదది. సరే అని నొక్కకముందే తట్టింది."