నాలుగు సున్నా తర్వాత

హలో… ఆ, నేనేరా, అక్కని.

… నాన్న నెంబరుకి చేసి, అక్క ఎత్తిందేమిటని అడిగితే నేనేం చెప్పను? ఇంకెవరు ఎత్తుతారనుకున్నావు?

… తెలుసులే. మ్యాచ్ అయిపోగానే నువ్వు కారులో కూర్చోవడం, ఈ నెంబరు నుంచి ఫోన్ రావడం, నువ్వు తిట్లు తినడం… నువ్వు కోచ్‌వైనప్పటినుంచీ ఆరేళ్ళ అలవాటు. ఇవాళ రాలేదు. అందుకని నువ్వే చేశావు.

… ఆ. నాన్న పోయాక ఇదే మొదటి మ్యాచ్ కదా.

… చూశాను. మొత్తం చూశాను. నాలుగు సున్నా. టీవీవాళ్ళు ఒక్కో గోల్‌ని మూడేసిసార్లు చూపించారు. నా లెక్కలో పన్నెండు సున్నా.

… ఏమనుకుంటున్నానా? అడిగి మరీ తీసుకుంటున్నావు, తర్వాత నన్ననకు. కూర్చున్నావా?

… కారులోనేగా. సీటు బెల్టు పెట్టుకో.

ముందు ఎడమ వైపు సంగతి. అక్కడ మీరు ఎవరినైనా నిలబెట్టారా, లేక అవతలివాళ్ళు నడవడానికి దారి ఖాళీగా ఉంచారా?

… నిలబెట్టావు. సంతోషం. ఎవరిని? తనకి కుడికాలు కాక ఇంకో కాలు కూడా ఉందని తెలియని కొత్తవాడిని. ఎడమకాలి దగ్గరికి బంతి వస్తే, పక్కింటివాళ్ళ పసిబిడ్డ ఒళ్ళో పడ్డట్టు బిగుసుకుపోయాడు పాపం.

— వాడిని అనడం లేదు. నిన్నంటున్నాను.

… పిల్లిగాడు ఉండుంటే అంటున్నావా? ఉండేవాడే. ఎడమ వైపు కాపలాకి మీకున్న ఒకే ఒక్క మనిషి. వాడిని అమ్మింది ఎవరు? … ఆ. అమ్మి ఏం కొన్నావు? … గట్టిగా చెప్పు, వినపడలేదు. … ముగ్గురు ఫార్వర్డ్‌లని. ఇల్లు కట్టేవాడు ముందు గోడ అమ్మేసి, ఆ డబ్బుతో మూడు తలుపులు కొన్నట్టుంది.

… మీ క్లబ్బు బోర్డు అమ్మమందా? బోర్డు ఏదైనా అంటుంది. మా హెడ్‌మాస్టరూ అంటారు, సైన్సు టీచరు సెలవులో ఉంది, లెక్కలతోపాటు అది కూడా మీరే చెప్పేయండి అని. నేను చెప్తున్నానా?

… చెప్తున్నాను. అది వేరే విషయం.

ఇక మీ గోల్‌కీపరు. అతనికి ఒంట్లో బాగానే ఉందా? … మరి ఏమైంది? మామూలుగా బంతిని పక్కవాడికి నేల మీదే నెమ్మదిగా అందిస్తాడు. ఆ పక్కవాడు ఇంకో పక్కవాడికి. వాళ్ళ మర్యాదలు అయ్యేసరికి నేను పది పేపర్లు దిద్దుకునేదాన్ని. ఇవాళ ప్రతి బంతీ ఆకాశంలోకే. మబ్బుల్లో ఎవరినైనా కొత్తగా చేర్చుకున్నారా?

… మీ ఫార్వర్డ్ నిచ్చెన కోసమా! అతను పొడుగే, కాదనను. పొడుగైనంత మాత్రాన బంతి దానంతటది వచ్చి కాకిలా తల మీద వాలదు కదా. పక్కన ఇంకో ఫార్వర్డ్‌ని కూడా పెట్టావు. ఇద్దరూ పైకి చూస్తూ నిలబడ్డారు, వాన వస్తుందా రాదా అన్నట్టు.

… ఉండు, నేనింకా మధ్యలోకి రాలేదు. నీ జట్టులాగే.

ముందు ఒకడు ఎక్కువైతే మధ్యలో మనిషి తగ్గుతాడా, తగ్గడా? … తగ్గుతాడు. శభాష్. అక్కడ మిగిలింది ఇద్దరు. అందులో ఒకరు మీరంతా తాతయ్య అని పిలిచే ఆయన. ఆయనకి ముప్పై ఆరేళ్ళు. ఆయన మోకాలికి ఇంకా ఎక్కువ. అవతలివాళ్ళు నలుగురు ఆయన చుట్టూ బంతి తిప్పుతుంటే, రద్దీలో రోడ్డు దాటలేని పెద్దమనిషిలా అటూ ఇటూ చూస్తూ నిలబడిపోయారు. చెయ్యి పట్టుకుని దాటిద్దామనిపించింది.

… లేదు, ఇంకా ఉంది. హాఫ్‌టైమ్‌కి రెండు సున్నా. ఇప్పుడు మారుస్తావు అనుకున్నాను. ఒక ఫార్వర్డ్‌ని కూర్చోబెట్టి మధ్యలోకి ఒకడిని పంపుతావనుకున్నాను. నువ్వేం చేశావు?

… అదే. ఏమీ చేయలేదు. మూడోది పడింది, కదల్లేదు. నాలుగోది పడింది, కదల్లేదు. కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, ఎవరి జట్టో ఆడుతుంటే చూడ్డానికి వచ్చినవాడిలా నిలబడ్డావు.

…

ఆ కోటు…

… తెలుసు. టీవీలో దగ్గరగా చూపించారు. కోటు చేతులు నీ మణికట్టుకి పైనే ఆగిపోయాయి. రెండో బొత్తాం నల్లదారంతో కుట్టి ఉంది. గోధుమరంగు దారం దొరక్క నేనే కుట్టాను. ‘నా కోటు ఎవరు చూస్తారమ్మా’ అన్నారు నాన్న. ఇవాళ ఊరంతా చూసింది.

… నేనేమీ అనడం లేదు. చలిగా ఉందన్నావు, సరే.

… ఒరేయ్.

ఇద్దరు ఫార్వర్డ్‌లు. బంతి ఎత్తి కొట్టడం. తాతయ్యని చివరిదాకా తీయకపోవడం. నాకు మొదటి పది నిమిషాల్లోనే అనిపించింది, ఈ పాఠం నేనెక్కడో విన్నానే అని. ఎక్కడో ఏమిటి, ఇక్కడే. ఇదే ఫోన్లో, ఈ కుర్చీలోంచే. ‘ఇద్దరిని పెట్టరా, ఎత్తి కొట్టించరా, ఆ పెద్దాయన్ని తీయకురా.’ ప్రతి మ్యాచ్‌కీ.

నువ్వు ఇవాళ నాన్న చెప్పిన జట్టుని ఆడించావు.

… ఊఁ.

… ఊఁ. చెప్పు, వింటున్నాను.

… ఒక్కసారైనా ఆయన మాట విందామనుకున్నావు.

… సరే. విన్నావు. ఆరేళ్ళూ వినలేదని ఇప్పుడు బాధపడుతున్నావు కదా? విని ఉంటే ఆరేళ్ళూ ఓడేవాడివి. ఆ సంగతి ముందు బుర్రకెక్కించుకో.

… నవ్వుతున్నావా?

…

… సరే. కానీయ్, ఏడువు. నేనేం మాట్లాడను. ఫోన్ పెట్టేయకు, అంతే.

…

… ఆ, ఉన్నాను.

…

… నీళ్ళున్నాయా కారులో? తాగు. మెల్లగా తాగు, పొలమారుతుంది.

… ఏం ఫర్వాలేదు. నాన్న పోయిన రోజు నువ్వు ఒక్క చుక్క కూడా రాల్చలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూనే ఉన్నావు. ఇవాళ మేలు.

… నేనా? నా సంగతి తర్వాత చూద్దాం.

చూడు. నాన్న మంచి ఆటగాడే. కానీ ఆయన తను పనిచేసే వర్క్‌షాపు జట్టుకి ఆడిన రోజుల్లో మైదానంలో సగం బురద. నేల మీద కొడితే బంతి కదిలేది కాదు. అందుకని ఎత్తి కొట్టేవాళ్ళు. ముందు ఇద్దరుంటే ఎవరో ఒకరికి దొరుకుతుందని ఆశ. తర్వాత మైదానంలో బురద పోయింది. ఆయన బుర్రలోంచి పోలేదు.

… అవును, పిల్లిగాడి విషయంలో మాత్రం ఆయన చెప్పిందే నిజం. ‘వాడిని అమ్మితే ఎడమ వైపు తలుపు తీసి పెట్టినట్టే’ అన్నారు. వినాల్సింది అది ఒక్కటే. అది వదిలేసి మిగతాదంతా విన్నావు. మా తరగతిలో కొంతమంది ఉంటారు నీలాంటివాళ్ళు. బోర్డు మీద నేను కొట్టేసిన లెక్కనే జాగ్రత్తగా ఎక్కించుకుంటారు.

… నీకో సంగతి తెలియదు. నీకు ఫోన్ పెట్టేశాక ఆయన ఏమనేవారో.

… చెప్తాను, ఆగు. నా వైపు తిరిగి, ‘వచ్చే మ్యాచ్‌కీ వినడు చూడు’ అనేవారు. పందెం గెలిచినట్టు. ఆ తర్వాత కంచంలో ఏం పెట్టినా తినేసేవారు.

… నిజంగానే. నీ కోసం కల్పించి చెప్తానా? కల్పించడం నా సబ్జెక్టు కాదు.

… నాకెలా తెలుసా ఈ ఆటంతా? నువ్వే నేర్పించావు. నువ్వొకసారి నిచ్చెనని ఆట మధ్యలో బయటికి పిలిచేశావు చూడు, ఆ రోజు నాన్న లేచి అరిచి, మళ్ళీ కూర్చున్నారు. కళ్ళజోడు మీద. అది కాస్తా ముక్కలు. అప్పటినుంచి టీవీలో నెంబర్లు ఆయనకి కనిపించేవి కాదు. నేనే చెప్పాలి. ‘మూడో నెంబరు ఎక్కడున్నాడు? మధ్యలో ఎంతమంది? ఎడమ వైపు ఎవరు?’ తప్పు చెబితే కోపం. పిల్లల పేపర్లు పక్కన పెట్టి ప్రతి మ్యాచ్‌కీ నేనే పరీక్ష రాసేదాన్ని.

… ఇవాళా? … ఇవాళా చెప్పాను. పైకే చెప్పాను. ఖాళీ కుర్చీతో మాట్లాడేంత పిచ్చేమీ పట్టలేదు, అలవాటు. మొదటి గోల్ పడినప్పుడు ‘ఎడమ వైపు ఎవరూ లేరు నాన్నా’ అన్నాను.

… ఊఁ.

… సర్లే, ఇంటికి వెళ్ళవేం? మరదలు ఎదురుచూస్తూ ఉంటుంది.

… ఏమిటీ?

… మళ్ళీ చెప్పు.

… రాజీనామా. రేపు పొద్దున్నే చైర్మన్ గదికి వెళ్ళి. అబ్బో. మరదలికి చెప్పావా? … నాకే ముందు చెప్తున్నావు. నాకు కాదులే, ఈ నెంబరుకి.

… మరి కారణం ఏమని చెప్తావు? ‘ఓడిపోయాం’ అనా, ‘ఓడిపోతే ఎవరూ తిట్టలేదు’ అనా?

… లేదు, ఎగతాళి కాదు. కొంచెం ఎగతాళే. నా తరగతిలో పిల్లలు ఇలాగే చేస్తారు. ఒక లెక్క తప్పు రాగానే పేజీ మొత్తం అడ్డంగా కొట్టేస్తారు. కొట్టేసినదానికి నేనేం మార్కులు వేస్తాను? తప్పుని తప్పుగానే ఉంచితే, దారి ఎక్కడ తప్పిందో చూసి కనీసం రెండు వేస్తాను.

… నీకు ఇవాళ ఎన్ని మార్కులా? రెండే. కోటుకి.

విను. ఓడినందుకే అయితే వెళ్ళి ఇచ్చెయ్. నేను అడ్డం రాను. కానీ ఇవాళ ఓడింది నువ్వు కాదు, నాన్న. పోయిన మనిషిని ఉద్యోగంలోంచి తీసేయడం ఏ బోర్డు వల్లా కాదు. నీ జట్టుతో నువ్వు ఓడు. నాలుగు కాదు, ఆరు వేయించుకో. అప్పుడు రాజీనామా ఇవ్వు. చైర్మన్ ముందు కూర్చోవడానికి నీదంటూ ఒక ఓటమి ఉండాలి కదా.

… ఆదివారం మ్యాచ్ ఉందా, లేదా? … ఉంది. జట్టు చెప్పు.

… ఇప్పుడే. నోటితో చెప్పు.

… గోల్‌కీపరు, సరే. బంతి ఆకాశంలోకా, నేల మీదా? … నేల మీద. పక్షులు సంతోషిస్తాయి.

… మధ్యలో? … ముగ్గురు. తాతయ్య? … బెంచీ. ఆయన మోకాలు నీకు దండం పెడుతుంది. ఆయనకి నువ్వే వెళ్ళి చెప్పు, ఎవరితోనో చెప్పించకు. నాన్నకి ఆయనంటే ఎందుకంత ఇష్టమో కూడా చెప్పు. వయసైపోయినా మైదానం వదలడం లేదని.

… ముందు? … ఒక్కడే. నిచ్చెనా? … బుడ్డోడా! సరే, వాడు కనీసం కిందకి చూస్తాడు.

… ఆ. ఇదీ. ఇది నీ ఆట. నాకు నచ్చదు, చూస్తుంటే ఆవలింతలు వస్తాయి. కానీ నీది.

… ఎడమ వైపు?

…

… అంటే తెలియదన్నమాట.

… అకాడమీ వాళ్ళని అడుగుతావు. కొన్నవాళ్ళని అడిగి పిల్లిగాడిని వెనక్కి తీసుకొస్తావు. ఏదో ఒకటి చెయ్, రేపు. ఇవాళ కాదు. ఇవాళ నువ్వు ఏం చేసినా నాన్న మాటే అవుతుంది.

… ఆ కొత్తవాడిని తిట్టావా? … పొద్దున్నే వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకో. వాడిని అక్కడ నిలబెట్టింది ఎవరు?

… చైర్మన్ దగ్గరికా, ప్రాక్టీసుకా? రేపు ఎక్కడికి?

… సరిగ్గా చెప్పు.

… ఊఁ. ప్రాక్టీసుకి. మంచిది.

… ఆ, చేస్తాను. ఆదివారం అవగానే చేస్తాను. ఇలాగే తిడతాను. గెలిచినా తిడతాను, ఎందుకు రెండే కొట్టారని. … ఈ నెంబరు నుంచే.

… లేదు, ఈ ఫోన్ ఇంకా ఆపించలేదు. ఆ విరిగిన కళ్ళజోడు చివరికి బాగుకి ఇచ్చినప్పుడు షాపులో ఈ నెంబరే ఇచ్చారు నాన్న. కొత్త అద్దాలు వేశారట, సిద్ధంగా ఉందట. షాపతను రెండుసార్లు ఫోన్ చేశాడు.

… రెండుసార్లూ రేపొస్తాను అన్నాను.

… నాన్న పోయారని చెప్పలేదు. ఎలా చెప్పను? ‘నాన్నగారికి చెప్పండమ్మా, ఇప్పుడు బంతి మీద కుట్లు కూడా కనిపిస్తాయని’ అన్నాడు. సరే చెప్తానన్నాను.

… తెలుసు, మీ స్టేడియం వీధి చివరే. నువ్వు రోజూ దాని ముందునుంచే వెళ్తావు.

… నువ్వు తెస్తావా?

…

… సరే, తర్వాత చూద్దాం. ఏం తొందరొచ్చింది.

… అద్దం మీద కొడుతున్నారెవరు? … వాచ్‌మనా. గేటు వేసుకోవాలి కదా ఆయన, ఇంటికి వెళ్ళొద్దూ? కారు తియ్. కళ్ళు తుడుచుకుని తియ్.

… తింటాను. నువ్వు తిను. కోటు హ్యాంగర్‌కి తగిలించు, కుర్చీ మీద పడేయకు.

… లేదురా, నేనూ బాగానే ఉన్నాను. ఉన్న సంగతి ఇదీ. ఎడమ వైపు ఎవరూ లేరు. కళ్ళజోడు షాపులోనే ఉంది.

… ఊఁ. పెట్టేస్తున్నాను.