వెచ్చబెట్టిన మందు

ఎత్తైన చలికొండల్లోని పొతోసి గని ఆసుపత్రిలో నర్సు సిరంజి ఎంత నొక్కినా మందు కదల్లేదు.

"ఏమైంది తల్లీ?" అన్నాడు మంచం మీది ముసలాయన.

"గడ్డకట్టింది, డాన్ సెవెరో గారూ."

"ఈ చలికి మనుషులే గడ్డకడుతున్నారు, మందొక లెక్కా?"

"చలికి కాదు. ఇది చల్లగా ఉన్నంతసేపూ నీళ్లలా ఉంటుంది, ఒంటి వేడి తగిలితే జున్నులా బిగుస్తుంది. మీ కాలి పుండులోకి వెళ్లాక బిగుసుకోవాలి."

"మరి సిరంజిలోనే బిగిసిందేం?"

"చల్లటి మందు ఎక్కితే నొప్పెడుతుందని, ఆ సంగతి మరిచి అందరికీ చేసినట్టే శాలువా కింద చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాను."

"ఇంకోటి ఉందా?"

"లాపాజ్ నుంచి రావాలి. అంతవరకూ ఆగితే పాదం దక్కదన్నాడు డాక్టరు."

ఆమె తలెత్తలేకపోయింది. ముసలాయన ఆ సిరంజి అందుకుని అరచేతిలో పెట్టుకున్నాడు.

"మా ఆవిడ పోయాక నాకోసం ఎవరూ ఏదీ వెచ్చబెట్టలేదు తల్లీ."

"అలా అనకండి. నన్ను తిట్టండి ముందు."