నాలుగు పోర్షన్ల యజమాని

అది కాదండీ అల్లుడుగారూ, ఇల్లు ఎలా కొనాలో చెప్పేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. కొన్న ఇంట్లోకి ఎలా వెళ్ళాలో చెప్పేవాడు ఒక్కడున్నాడా? ‘చిన్న ఇల్లు చాలండీ, నాలుగు పోర్షన్లు, నాలుగు అద్దెలు, కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు’ అంటారు. వినీ వినీ ప్రాణం విసిగిపోయింది నాకు.

కూర్చోండి, కూర్చోండి. మా తమ్ముడికి అల్లుడంటే నాకూ అల్లుడే. పార్కులో ఇంజనీరుగారికి పరిచయం చేయమన్నారు. రేపు పొద్దున్నే చేస్తాను, అందులో సందేహం పెట్టుకోకండి. ఈలోగా మా తోడల్లుడి సంగతి కాస్త వినిపోండి. డ్రాయింగు మాస్టారంటాం. మీ పెళ్ళిలో తన కుర్చీ వచ్చినవాళ్ళకల్లా ఇచ్చేసి చివరిదాకా నిలబడే ఉన్నారు చూడండి, ఆయనే.

ఇది నాకెలా తెలిసిందో ముందుగా మనవి చేయడం మర్యాద. కొంత మాస్టారే చెప్పారు, పార్కు బెంచీ మీద, చెప్పులు విప్పి కాళ్ళు పైకి పెట్టుకుని. కొంత మా మరదలు, అంటే ఆయన భార్య, నా భార్యకు చెల్లెలు, మా వంటింట్లో గిన్నెలు తుడుస్తూ అక్కకు చెబుతుంటే నేను హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను. ఇద్దరి మాటలూ కలవని చోట మరదలి మాటే ఖాయం చేసుకున్నాను. ఎందుకంటారా? ఆయన ఎవరికీ నొప్పి తగలకుండా చెబుతారు. ఆవిడ జరిగింది చెబుతుంది. మిగతాది నా కళ్ళతో చూసిందే.

మా మరదలు బట్టలు కుడుతుంది. వాళ్ళు అద్దెకున్న ఇంటి ఓనరమ్మకు మధ్యాహ్నం పూట మిషను చప్పుడు పడదు. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆవిడ వంటింటి పక్కనుంచి నడవాలి. ‘ఎవరింటికి? ఎంతసేపు?’ అని ఆవిడ నిలదీసేది. అలా ఎన్ని బేరాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయో!

మా మరదలి కోరిక ఎంతటిదనుకున్నారు? వీధిలోకి తలుపున్న ఒక గది, కిటికీ పక్కన మిషను. దానికోసం కుట్టి కూడబెట్టిందంతా తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది. ‘మూడు పోర్షన్లు అద్దెకిద్దాం. కింద, ముందు వైపుది మాత్రం మనది. మాటివ్వండి’ అంది. ఇచ్చారు. మాటివ్వడంలో ఆయనకు ఏనాడూ లోటు లేదు.

ఇప్పుడు పార్కు సంగతి. మంచి ఇంటికి బోర్డు ఉండదండీ. ముందు చెవిన పడాలి. ఆ చెవులన్నీ పొద్దున్నపూట మా పార్కులో, ఇంజనీరుగారి బెంచీ చుట్టూ చేరతాయి. ఇళ్ళ బ్రోకరుంటాడు, నవ్వు చెరగదు గనక చిరునవ్వుగారంటాం. అప్పు కాగితాలు చూసే బ్యాంకు ఆఫీసరుంటారు. గోడ తట్టి లోపల ఇటుక సంగతి చెప్పే మేస్త్రి ఉంటాడు. నన్ను పట్టుకుని మాస్టారు వాళ్ళలో చేరారు. మా ఆయన నడవడానికి వెళ్ళడం లేదు, నమస్కారాలు పెట్టడానికి వెళుతున్నారని మా మరదలు నవ్వేది. అప్పటికింకా నవ్వేది.

ఇల్లు దొరికింది. కింద రెండు, పైన రెండు, మధ్యన మెట్లు. దొరికిన రోజున చిరునవ్వుగారు మాస్టారి భుజం మీద చెయ్యేశాడు.

“మాస్టారూ, ఇల్లు మీదైపోయినట్టే. కమీషను మాట ఎత్తితే నామీద ఒట్టే! మా చెల్లెలు గాలీ వెలుతురూ లేని చోట పడి ఉంది. కింద ముందు పోర్షను దానికిప్పించండి, చాలు.”

మీరైతే ఏమంటారు? ‘అది మా ఆవిడకు అనుకున్నామండీ’ అంటారు. ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి? మాస్టారు, “అయ్యో, ఎంత మాట! మీ చెల్లెలంటే మాకు పరాయిదా?” అన్నారు.

నేను పక్కనే ఉండి మోకాలితో పొడిచాను. ఆయన జరిగి నాకు ఇంకాస్త చోటిచ్చారు!

ఆ తరవాత ఆఫీసరుగారు అప్పు చకచకా కదిలించి, తన బావమరిదికి కింద వెనక పోర్షను అడిగారు. ఇచ్చేశారు. కారుతున్న కప్పు బాగుచేసిన మేస్త్రి పైన ముందు వైపు సామాను దింపుకున్నాడు. మిగిలింది మేడ మీద వెనక పోర్షను. కనీసం అదైనా మా మరదలికి దక్కుతుందిలే అని నేను సరిపెట్టుకునేలోపు, ఇల్లమ్మిన పెద్దావిడ సంతకానికి పెన్ను పట్టుకుని ఆగింది. “నాయనా, ఈ వయసులో నన్నెక్కడికి పొమ్మంటావు?” అంది. మాస్టారి కళ్ళు చెమర్చాయి. ఇంకేముంది!

ఇవేవీ ఆయన ఇంట్లో చెప్పలేదండీ. ఎలా చెప్పాలో తెలియక, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నారు. కాగితాలు చేతికొచ్చిన మర్నాడు మా మరదలు చీపురు, మిషనుకు వేసే నూనె డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళింది. కిటికీకి కొత్త తెరలు. తలుపు తట్టింది.

“ఎవరు కావాలండీ?” అంది చిరునవ్వుగారి చెల్లెలు.

“ఈ ఇల్లు...”

“మాదేనండీ. మేం అద్దెకుంటున్నాం. మీరెవరి కోసం వచ్చారు?”

“ఎవరికోసమూ కాదమ్మా, ఊరికే. చూసి పోదామని” అంది మా మరదలు. నూనె డబ్బా సంచిలోనే ఉంది. తిన్నగా మా ఇంటికొచ్చి కూర్చుంది. ఏడవలేదు. “అక్కా, కాసిని మంచినీళ్ళివ్వు” అంది. ఆ గొంతు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

అద్దెలంటారా? ఏ నెల ఎవరికి తోస్తే వాళ్ళిచ్చేవారు. అడగడానికి బయల్దేరిన మాస్టారు కాఫీ తాగి, వాళ్ళ కష్టం విని తిరిగొచ్చేవారు. బ్యాంకు అప్పులోకి ఆయన పెన్షనూ ఆవిడ మిషను సంపాదనా పోయాయి. నాలుగు పోర్షన్ల యజమానిగారు అదే అద్దె గదిలో, అదే ఓనరమ్మ కింద, ఏళ్ళకేళ్ళు ఉన్నారు. ఏమిటీ, ఖాళీ చేయించవచ్చు కదా అంటారా? చేయించవచ్చు. చట్టముంది, కోర్టుంది. మాస్టారికి నోరు లేదు.

ఇలా ఉండగా మేస్త్రి ఖాళీ చేశాడు. “ఏమండీ, మేడ మీదైనా సరే, మనం వెళ్ళిపోదాం” అంది మా మరదలు.

“చూద్దాంలేవే. ఇంజనీరుగారు ఎవరికోసమో అడిగేట్టున్నారు.”

“నేనడుగుతున్నాను కదండీ!”

“నువ్వు మనదానివే కదా” అన్నారట.

ఆ మాట ఆవిడకు బాగా పనికొచ్చింది. మర్నాడే ఇంజనీరుగారి భార్యకు కొలతలు తీయడానికి వెళ్ళి, టేపు మెడలో వేసుకునే తన మొర చెప్పుకుంది. మూడో నాటికి బెంచీ దగ్గర ఇంజనీరుగారు గొంతు సవరించుకున్నారు.

“మాస్టారూ, మీ మేడ మీద పోర్షను మనవాళ్ళకు కావాలి. భార్యాభర్తలు, పెద్దవాళ్ళు. ఆవిడ కుట్టుపని చేస్తుంది. ఆయన, పాపం, అమాయకుడు.”

“మీరు చెప్పాక ఇంకా ఆలోచనా! రేపే దిగమనండి.”

“ఎవరో ఏమిటో అడగరా?”

“మీ మాటే చాలండీ.”

“అయితే మీరే దిగండి” అన్నారాయన. బెంచీ అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. మాస్టారు అందరి మొహాలూ ఒకసారి చూసి, కాస్త ఆలస్యంగా, తానూ నవ్వారు. ఆ నవ్వు చూశాక నాది ఆగిపోయింది.

దిగారండీ. తన ఇంట్లోకి తాను దిగడానికి మా మరదలు ఊళ్ళో పెద్దమనిషి చేత సిఫారసు చేయించుకుంది.

ఇప్పుడా? ఇంజనీరుగారు అదే బెంచీ మీద ఉన్నారు, రేపు చూస్తారుగా. చిరునవ్వుగారు ఇంకో పార్కుకు మారాడు, అక్కడ స్థలాలు బాగా కదులుతున్నాయట. ఆఫీసరుగారికి బదిలీ అయింది, బావమరిదికి మాత్రం కాలేదు. మేస్త్రి ఊరి చివర సొంతిల్లు కట్టుకుని అందులోనే కాపురముంటున్నాడు. ఈ కథలో సొంతింట్లో మొదటి రోజే కాలు పెట్టినవాడు అతనొక్కడే. ఇల్లమ్మిన పెద్దావిడ నిక్షేపంలా ఉంది. మెట్లు ఎవరు కడగాలో మా మరదలికి ఆవిడే చెబుతుంది. మాస్టారు పొద్దున్నే పార్కుకు వెళుతున్నారు, ఇవ్వడానికి పోర్షన్లు మిగల్లేదు గనక నిశ్చింతగా నమస్కారాలు పెడుతున్నారు.

మా మరదలికి మోకాళ్ళు పోయాయి. ఆవిడ దిగలేదు, బేరాలు ఎక్కవు. బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్ట దింపుతుంది. కింద నిలబడ్డవాళ్ళు గుడ్డా, కొలత జాకెట్టూ అందులో వేస్తే పైకి లాక్కుంటుంది.

మొన్న నేను వెళ్ళినప్పుడు బుట్ట గాలికి ఊగి కింద కిటికీ తెరకు తగిలింది. చిరునవ్వుగారి చెల్లెలు బయటికొచ్చి, “మేడ మీదమ్మా, అద్దెకున్నవాళ్ళు కాస్త పద్ధతిగా ఉండాలి” అని కేకేసింది. ఇల్లెవరిదో ఆవిడ మరిచిపోయిందో, అసలెవరూ చెప్పనే లేదో!

మా మరదలు పిట్టగోడ మీదికి వంగి, “ఇకమీదట చూసి దింపుతానమ్మా” అంది.

చూసే దింపుతోంది. అంతేనండీ.