డాక్టరమ్మ చెప్పిన రెండో దారి

స్కానింగు గది బయట రెండు కుర్చీలు. ఒకదాంట్లో బైండింగు షాపు నడిపే తమ్ముడు, పక్కదాంట్లో అతని అక్క. గది లోపల అతని భార్య.

"బోర్లా పడుకోబెట్టారా?"

"బోర్లానే అక్కా. కింది నుంచి శబ్దం పంపిస్తారట. అది నేరుగా గర్భసంచిలో గడ్డ ఉన్నచోటికే వెళ్ళి, వేడి పుట్టించి మాడ్చేస్తుందట."

"శబ్దంతో గడ్డలు పోయేటట్టయితే, నీ కటింగు మిషను రొదకి మన వీధిలో ఒక్కళ్ళకీ మిగలకూడదు."

"ఇది చెవికి వినపడే శబ్దం కాదు."

"కొయ్యరూ?"

"కొయ్యరు."

"కుట్లు?"

"కొయ్యకపోతే కుట్లేంటక్కా. చేతికో బటన్ ఇచ్చారు. ఓర్చుకోలేకపోతే నొక్కడమే, ఆపేస్తారు. మూడు గంటల పని. సాయంత్రానికి ఇంటికి."

"సాయంత్రానికి ఇంటికా... నేను నెలన్నర మంచం దిగలేదు. నా ఆపరేషనప్పటికి ఇది రాలేదు కాబోలు."

"టీ తాగుతావా?"

"ఇప్పుడేగా తాగాం. నాలుగేళ్ళలో ఎంత మారిపోయిందిరా."

"ఊఁ."

"ఆ కాలు ఆపు. కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడిస్తున్నావు. మరదలికేం కాదు."

"దానికేం కాదు. నాకు తెలుసు."

"మరి?"

"అప్పుడూ ఉంది."

"ఏది?"

"ఈ మిషను. ఇదే ఆస్పత్రి, ఇదే గది."

"నాకు జబ్బు చేసినప్పుడా?"

"నీకు రక్తం ఎక్కిస్తున్నారు. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. రెండు దారులున్నాయంది. ఒకటి సంచి తీసేయడం. రెండోది ఇది. మీ అక్క గడ్డకి సరిపోతుంది, సంచి సంచిలాగే ఉంటుంది, ఆమెని అడిగి చెప్పు అంది."

"నువ్వు నాకు ఒకటే చెప్పావు."

"ఒకటే చెప్పాను."

"డాక్టర్ల మాటలు నాకెక్కవు, నువ్వు విని చెప్పరా అన్నది నేనేలే. షాపులో స్కూలు పుస్తకాల పని మీద పడి రెండోది చెప్పడం మర్చిపోయావా?"

"అలా అనుకో."

"అనుకోమంటే ఏంటి? అవునా, కాదా?"

"కాదు."

"గడ్డ మళ్ళీ పెరుగుతుందని భయపడ్డావా?"

"అదీ కాదక్కా. ఆ కాగితం లారీ డ్రైవరు..."

"అతని ఊసెందుకు?"

"వారానికోసారి వచ్చేవాడు, మూడుసార్లు రావడం మొదలెట్టాడు. రీములు దింపాక కూడా కదిలేవాడు కాదు. నువ్వు కాగితాలు మడుస్తుంటే చూస్తూ నిలబడేవాడు. నువ్వు నవ్వేదానివి. మన ఇంట్లో నువ్వలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు."

"అయితే?"

"నువ్వు వెళ్ళిపోతే పుస్తకాలు ఎవరు కుడతారు? మా పిల్లలు నీ పక్కన తప్ప పడుకోరాయె. సంచి తీసేస్తే పిల్లలు పుట్టరు, ఆ సంగతి తెలిస్తే వాడే తప్పుకుంటాడనుకున్నా."

"అలా అనుకున్నావు."

"తప్పుకున్నాడు కూడా. అక్కా, తిట్టు. నాలుగేళ్ళుగా నువ్వు వడ్డిస్తుంటే తల ఎత్తలేకపోతున్నా. ఏదో ఒకటి అను."

"నీ పెళ్ళానికి మాత్రం రెండో దారి గుర్తొచ్చింది."

"గుర్తొచ్చింది. పైగా తోడుకి నిన్నే తీసుకొచ్చా. సిగ్గులేనివాణ్ణి."

"అతనికి అప్పటికే ఇద్దరు పిల్లలురా. పెళ్ళాం పోయింది. సంచి తీసేశారని నా నోటితోనే చెప్పాను. నాకున్న పిల్లలు చాలు, నువ్వొస్తే చాలు అన్నాడు."

"మరి రాలేదేం?"

"నేనే రావద్దన్నాను. ఆస్పత్రిలో ఆరు రోజులు తిండీ నిద్రా లేకుండా నా మంచం పట్టుకుని కూర్చున్నావు కదా, నా మీద ఇంత ప్రాణం పెట్టుకున్న తమ్ముణ్ణి వదిలి ఎలా వస్తానని."